బావగారు నిలబెట్టిన పడవ

మా బావగారు పోయారన్న కబురు నాకు డ్యూటీలో తెలిసింది. రైల్వే షెడ్‌కి ఫోను వచ్చింది. ఎత్తిన ఫోర్‌మన్ ముందు తన కళ్ళు తుడుచుకుని, ఆ తర్వాత నాకు చెప్పాడు. మా అక్క భర్త కోసం నాకంటే ముందు మరొకరు ఏడ్చారు. ఆ క్షణంలో కూడా నాకు కలిగింది అసూయే. మీరు నన్ను తిట్టుకున్నా సరే, ఆయన గురించి రాస్తూ ఇది దాచలేను.

ఆయన షెడ్‌లో బరువులు మోసే ఖలాసీగా చేరి ఫిట్టర్ అయ్యారు. నేను డిప్లొమా చదివి నేరుగా ఆయనకు పై అధికారిగా వచ్చాను. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో మా క్వార్టర్లు పక్కపక్కనే. చేపల పులుసు వండితే మా నాన్న తలకాయ ముక్క అల్లుడి కోసం తీయించి ఉంచేవాడు. సైకిలు చైను ఊడితే నా పిల్లలు నన్ను దాటుకుని ఆయన దగ్గరికి పరిగెత్తేవారు. నా భార్య కూడా కుక్కరు మూత పట్టుకుని అటే వెళ్ళేది.

“నీకు ఆయనంటే కుళ్ళురా,” అనేది అక్క నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు.

ఎనభైల చివర్లో మా రైల్వే క్లబ్బు వాళ్ళు రతన్‌పూర్ దగ్గరి జలాశయంలో షికారుకని ఒక పడవ చేయించారు. నీటిమీద తేలే రెండు పొడవాటి రేకు గొట్టాలు, వాటిమీద చెక్క బల్ల, చుట్టూ కడ్డీలు. వానలకు ముందే దాన్ని గొలుసు కప్పీతో పైకెత్తి ఒడ్డున నిలబెట్టాలి. దేనిమీద నిలబెట్టాలన్నదే ప్రశ్న. మా షెడ్ పెద్దాఫీసరు సాహెబు మా ఇద్దరినీ తీసుకెళ్ళారు.

బావగారు గొట్టం పక్కన గొంతుకూర్చుని, ఈ చివరి నుంచి ఆ చివరిదాకా వేలి కణుపులతో తట్టి వింటున్నారు. ఏ పనికైనా ఆయన మొదలు అలాగే ఉండేది. నేను ఆగలేకపోయాను. పట్టాల కింద వేసే పాత స్లీపరు దుంగలు రెండు అడ్డంగా వేస్తే చాలని సాహెబుకు ఇంగ్లీషులో చెప్పేశాను. ఆయన తలూపారు.

బావగారు నన్ను పక్కకు పిలిచారు. “రేకు పల్చన బామ్మర్దీ. అడ్డంగా ఏస్తే బరువంతా రెండు చోట్లే పడతాది. గొట్టం కింద పొడుగునా దూలం ఏద్దాం. తొందరేటి? ముందు అది ఎలా కూకుంటాదో చూడు.”

“సాహెబు ఒప్పుకున్నారు కదా బావా,” అన్నాను. బావ చెప్పింది నిజమని నాకు అప్పుడే అర్థమైంది.

“అచ్ఛా,” అని కప్పీ గొలుసు అందుకున్నారు.

వానలు వెలిశాక వెళ్ళి చూశాం. పైన కప్పిన టార్పాలిన్‌లో నీళ్ళు నిలిచి బరువు పెరిగింది. స్లీపర్ల మీద ఆనిన చోట గొట్టాలు సొట్టపోయాయి. ఒకదాని అతుకు విడిపోయింది.

“ఇలా పెట్టమన్నది ఎవరు?” అంటూ సాహెబు నావైపు తిరిగారు. నేను వంగి టార్పాలిన్ అంచు సర్దసాగాను.

“ఇద్దరం చూసే పెట్టాం సార్. పొరపాటు పడ్డాం,” అన్నారు బావగారు. తిట్లన్నీ ఆయనే తిన్నారు.

తిరుగు బస్సులో నేను ఆయన మీదే విరుచుకుపడ్డాను. “అలా ఎందుకు చెప్పావు బావా? నేనడిగానా?”

“నువ్వు ఇంకా పైకెళ్ళాల్సినోడివి. నాకేటి, తిట్లు కొత్తా?” అని కిటికీవైపు తిరిగారు.

నా తప్పును కూడా ఆయన నాకు మిగల్చలేదు.

తర్వాతి ఆదివారాల్లో సొట్టలు తీసి, అతుకు వెల్డింగ్ చేయించి, గొట్టం ఒంపుకు సరిపడేలా రెండు దూలాలను పొడుగునా చెక్కారు. అవతలి చివర నేను పట్టుకున్నాను. పడవ వాటిమీదికి దిగినప్పుడు కిర్రుమన్న చప్పుడైనా రాలేదు. అలాంటి పని నాకు ఎన్నటికీ రాదని ఆ రోజు తెలిసింది. ఆయనకు ఒక మంచి మాట చెప్పాల్సిన రోజది. చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను, వినడానికి ఆయన లేకపోయాక.

దినం నాడు అక్క వరండా నిండిపోయింది. రతన్‌పూర్ బస్సు దిగి వచ్చిన ఒక ముసలి ఖలాసీ అక్కడ చోటు లేక నా గుమ్మం మెట్టు మీద కూర్చుని ఏడుస్తున్నాడు. టీ తెచ్చిచ్చాను. నేనెవరినని హిందీలో అడిగాడు.

“ఆయన బామ్మర్దిని,” అన్నాను.

ముసలాయన తలూపి, నా ఇంటి మెట్టు మీద నాకు చోటిస్తూ కాస్త పక్కకు జరిగాడు. కూర్చున్నాను. పక్కనే, అక్క గుమ్మం నుంచి గేటు దాటి రోడ్డుదాకా, ఎవరెవరివో చెప్పులు.