మా మామగారి కొత్త తోలు సీటు

మా మామగారు కిందటి నెలలో కన్నుమూశారు. ఆ రోజు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్లింది నేనే. రెండుసార్లు పిలిచాను. మూడోసారి పిలవబుద్ధి కాలేదు. గ్లాసు కిటికీలో పెట్టేసి మా ఆయన్ని లేపాను.

మామగారు చీరాలలో నేసిన చీరలు మూటగట్టి, సైకిలు వెనక వేసుకుని, పర్చూరు వైపు పల్లెలన్నీ తిరిగి అమ్మిన మనిషి. వయసులో ఉన్నప్పుడు మొదలుపెట్టి, జుట్టంతా నెరిసిందాకా తిరిగారు. ఆ ఊళ్ల ఆడవాళ్లు ఆయన పోయారని తెలిసి వచ్చి, ఎవరి పెళ్లికి ఏ చీర తెచ్చారో చెప్పుకుని ఏడ్చారు. నాకు మాత్రం ఆయన అనగానే ఒక సైకిలు సీటు గుర్తొస్తుంది. ఇదేం స్మృతి అని మీకు నవ్వొస్తే నవ్వండి. ఉంటే ఆయనా నవ్వేవారు.

ఆయన పాత సీటు తోలుది. నల్లగా నున్నబడిపోయి, ఆయన కూర్చునే చోట రెండు పల్లాలు పడి ఉండేది. ఇంకెవరు ఎక్కినా కుదిరేది కాదు. మా ఆయన కాలేజీ రోజుల్లో ఒకసారి ఎక్కి, ఎవరి ఒళ్లోనో కూర్చున్నట్టుందని దిగేశారట. వాన చుక్క పడితే చాలు, మామగారు తను తడుస్తూ నిలబడి ముందు సీటుకి ప్లాస్టిక్ కవరు తొడిగేవారు. "నాకు జలుబు చేస్తే తగ్గుద్ది, దానికి చేస్తే తగ్గదు" అనేవారు. మిరపకోతల రోజుల్లో కూలిపని నుంచి నేరుగా చీరల దగ్గరికి వచ్చేవాళ్లని కూడా ఇలాగే ఆపేవారట. "ఆ మిరపచేత్తో ముట్టుకోకమ్మా తల్లీ, రేపు అది కట్టుకునేది నువ్వే" అని బిందె చూపించి, వాళ్లు చేతులు కడుక్కున్నాకే మూట విప్పేవారు.

కిందటేడు ఆయనకి కడుపులో గడ్డ అన్నారు. గుంటూరులో ఆపరేషన్ చేయించాం. ఇంటికి తీసుకొచ్చేసరికి మనిషి సగమయ్యారు. డాక్టరు మా ఆయన్ని పక్కకి పిలిచి చెప్పిన మాట మేం మామగారికి చెప్పలేదు, ఆయనా అడగలేదు. ఆస్పత్రి గొడవలో సైకిలు సంగతి ఎవరికి గుర్తుంటుంది? ఎండకి ఎండి, వానకి నాని, పాత సీటు రివిట్ల దగ్గర చీలిపోయింది. మామగారు వచ్చిన రోజునే దాన్ని చూసి, చేత్తో తడిమి, లోపలికి వెళ్లి పడుకున్నారు.

ఆయన దిగులు సైకిలు కోసం కాదు. ఆయనకి ఒక అక్కగారున్నారు. నేను పెద్దత్తయ్య అంటాను. తల్లి చిన్నప్పుడే పోతే ఈయన్ని చంకనేసుకుని పెంచింది ఆవిడే. ఏటా మిరపకోతల్లో మామగారు ఒక చీర పట్టుకుని, సైకిలు మీద వాళ్ల ఊరు వెళ్లి, అక్క చేతిలో పెట్టి వచ్చేవారు. పుట్టింటి చీర అన్నమాట. పెద్దత్తయ్యకి ఎనభై దాటాయి, బీపీ ఉంది. ఈ జబ్బు సంగతి ఆవిడకి చెప్పనివ్వలేదు. ఫోన్ చేస్తే, పని ఎక్కువగా ఉందక్కయ్యా అని గొంతు పెద్దది చేసి మాట్లాడేవారు. మంచి గొంతు వచ్చేదాకా ముందు మంచినీళ్లు తాగి, అప్పుడు ఫోన్ ఎత్తేవారు.

"ఆటోలో వెళ్లి ఇచ్చి రండి నాన్నా" అన్నారు మా ఆయన.

"నేను ఆటోలోంచి రోగిష్టివాడిలా దిగితే అక్కయ్య గుండె ఆగుద్దిరా. ఏనాడైనా ఆటోలో వెళ్లానా? సైకిలు మీదే వెళ్లాలి" అన్నారాయన. ఇక ఆ మాటకి తిరుగులేదు.

మా ఆయన మెత్తటి ఫోమ్ సీటు తెచ్చి బిగించారు. మామగారు దాని మీద వీధి చివరికి వెళ్లొచ్చి, దూదిబస్తా మీద కూర్చున్నట్టుంది, తొక్కుతుంటే దిగబడిపోతున్నానని తీసేయించారు. చివరికి గుంటూరులో ఒక పాత సైకిళ్ల కొట్టువాడు అటక మీంచి తోలు సీటు దింపి ఇచ్చాడు. దాని మీద వేలితో కొడితే తలుపు కొట్టినట్టు టకటకమంది. మామగారి మొహం మాత్రం వెలిగిపోయింది. ఆముదంలో ముంచితే తొందరగా మెత్తబడుతుందని ఎవరో చెబితే ఒప్పుకోలేదు. "నూనె పోస్తే తోలు మెత్తబడదు, చచ్చిపోద్ది. మనిషి కూర్చోవాలంతే" అన్నారు. సీటు ముక్కు కింద నట్టు ఉంటుంది, తోలు సాగినప్పుడు బిగించుకోవడానికి. దాని మీద కూడా చెయ్యి వెయ్యనిచ్చేవారు కాదు. "ఇప్పుడే బిగిస్తే దాని ముసలితనానికి ఏం మిగులుద్ది?" అనేవారు.

రోజూ పొద్దున్నే వీధిలో తొక్కేవారు. దిగేటప్పుడు పళ్ల బిగువున దిగడం వంటింట్లోంచి నాకు కనిపించేది. ఒంట్లో కండ లేదు, ఎముక నేరుగా చెక్కలాంటి తోలుకి తగులుతుంది. వారాలు గడిచినా సీటు కొట్లోంచి తెచ్చినట్టే మెరుస్తూ ఉంది. ఒకరోజు అరుగు మీద కూర్చుని, సీటు వైపు చూస్తూ, "నా బరువు దానికి ఆనట్టు లేదమ్మాయ్" అన్నారు. మామూలుగానే అన్నారు.

నేను ఏడుపు ఆపుకోలేని చోట నోరు పారేసుకునే రకాన్ని. "బరువే కావాలంటే నేను లేనా మావయ్యగారూ? ఇంట్లో ఇంత సరుకు పెట్టుకుని మీరు తొక్కడమేంటి?" అన్నాను. పెళ్లయిన కొత్తలో చుట్టాలంతా నా ఒళ్లు చూసి నవ్వినవాళ్లే. ఆ ఒళ్లు ఒకరికి పనికొచ్చింది ఆ ఒక్కసారే.

ఆయన సిగ్గుపడ్డారు, వద్దన్నారు. నేను చుడీదార్ వేసుకుని, మగవాళ్ల సైకిలు కడ్డీ మీంచి కాలు దాటించి, ఎక్కేశాను. ఎదురింటి పిన్నిగారు గేటు దగ్గరికొచ్చి, "ఏమ్మా, మామగారి బండి జప్తు చేశావా?" అన్నారు. "లేదు పిన్నీ, డ్యూటీలో ఉన్నాను" అన్నాను. పాలకీ, కూరలకీ, రేషనుకీ అన్నిటికీ దాని మీదే. మామగారు అరుగు మీద నుంచి కేకేసేవారు, "వెనక్కి కూర్చో అమ్మాయ్! ముందుకి జారితే దాని ముక్కు పాడవుద్ది!" నేను తిరిగి రాగానే లేచి వచ్చి, పిల్లలకి జ్వరం చూసినట్టు సీటు మీద అరచెయ్యి ఆనించి చూసేవారు.

మొదట్లో నేను పడ్డ బాధ మీకు చెప్పుకోలేను. పీట మీద కూర్చోలేక నిలబడి అన్నం తిన్నాను. ఒకరోజు మండిపోయి, "చీర కొరియర్‌లో వేసినా చేరుతుంది కదండీ!" అన్నాను.

ఆయనకి కోపం రాలేదు. "చేరుద్ది. కొరియరువాడు అక్కయ్య మొహం చూసొచ్చి నాకు చెబుతాడా అమ్మాయ్?" అన్నారు.

సంచీ తగిలించుకుని, అవసరం లేకపోయినా మార్కెట్టుకి బయల్దేరాను.

చలి తగ్గేసరికి తోలు లొంగింది. రంగు ముదిరి, రెండు మచ్చలు పడి, వేలితో నొక్కితే కాస్త లోపలికి వెళ్తోంది. మామగారు చుట్టూ తిరిగి చూసి, "మెత్తబడింది. కాస్త వెడల్పయింది" అన్నారు. ఇద్దరం పగలబడి నవ్వాం. ఆపరేషన్ తరవాత ఆయన అంత నవ్వడం అదే మొదలు.

కానీ సీటు మెత్తబడేసరికి ఆయన ఓపిక అయిపోయింది. వీధి చివరికి వెళ్లి, అక్కడే దిగి, సైకిలు నడిపించుకుంటూ వచ్చారు. ఊళ్లలో కోతలు మొదలయ్యాయి. కొన్న చీర బీరువాలో ఉంది. మర్నాడు పొద్దున నేను సైకిలు బయటికి తీసి, "వెనక కూర్చోండి" అన్నాను.

"ఊరంతా చూడదా అమ్మాయ్?"

"చూడనివ్వండి. ఇన్నేళ్లూ ఆ క్యారేజీ మీద చీరల మూట కూర్చుంది. మీరు దానికంటే తేలికే" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన మాత్రం, "నిజమేలే" అని నవ్వుతూ ఎక్కారు.

చీర ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో సీటు కింద స్ప్రింగు పట్టుకుని కూర్చున్నారు. దారి పొడుగునా ఏ ఊళ్లో ఎవరికి ఏ రంగు ఇష్టమో చెబుతూనే ఉన్నారు. అటూ ఇటూ నల్లరేగడి, ఏరగా మిగిలిన పత్తి, ఎర్రగా ఆరబోసిన మిరప కళ్లాలు. పెద్దత్తయ్య వాళ్ల ఊరి మొదట్లో ఒక కళ్లం దగ్గర ఆపమన్నారు. ఆ ఘాటుకి ఇద్దరం దగ్గాం. కల్వర్టు గోడ మీద కాలు పెట్టి ఆయన సైకిలెక్కారు. చీర హ్యాండిల్‌కి తగిలించుకున్నారు. నేను వెనక పట్టుకోబోతే, "వదిలెయ్" అన్నారు. కాస్త ఊగి, నిలదొక్కుకుని, వీపు నిటారుగా పెట్టి తొక్కుకుంటూ వెళ్లి మలుపు తిరిగారు. ఆ తరవాత నాకు కనిపించలేదు. కళ్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్లు ఎవరి తాలూకు అని అడిగితే ఏం చెప్పానో గుర్తులేదు. నా చెవులు రెండూ అటే ఉన్నాయి.

చాలాసేపటికి వచ్చారు, సైకిలు నడిపించుకుంటూ. హ్యాండిల్‌కి చీర బదులు గారెల డబ్బా వేలాడుతోంది. "చిక్కావేంట్రా అంది. పొద్దున్నే వాకింగ్ చేస్తున్నానక్కయ్యా, డాక్టర్లు చిక్కమంటున్నారు అన్నా. నమ్మేసింది అమ్మాయ్!" అన్నారు. ఇంటికొచ్చేదాకా నా వెనక కూర్చుని, నమ్మేసింది, నమ్మేసింది అంటూనే ఉన్నారు. ఆ తరవాత ఆయన సైకిలెక్కలేదు. అడగనూ లేదు. పడుకున్న చోటే పడుకుని, రెండు మూడు నెలలు మా అందరితో నెమ్మదిగా మాట్లాడుతూ వెళ్లిపోయారు. నేను కోడలిగా వచ్చిన ఇంట్లో నన్ను నమ్మి తన పని నా చేతుల్లో పెట్టిన మొదటి మనిషి ఆయన. ఆ రుణం తీరేది కాదు.

పెద్దకర్మ నాడు భోజనాలయ్యాక పెద్దత్తయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మా ఊరి కళ్లం దగ్గర నిలబడింది నువ్వే కదమ్మాయ్?" అంది.

దొరికిపోయి తలూపాను.

"డాబా మీద మిరపకాయలకి కాపలా కూర్చున్నాలే. అంతా కనపడింది. వాడు నీ వెనక నుంచి దిగడం, గోడ మీద కాలు పెట్టి ఎక్కడం. మలుపు తిరిగి మా ప్రహరీ దాకా వచ్చి దిగిపోయాడు. గోడకి ఆనుకుని ఎంతసేపు నిలబడ్డాడో. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, చొక్కా సర్దుకున్నాడు."

"మరి పిలవలేదేం పెద్దత్తయ్యా?"

"ఎట్టా పిలుస్తానే? వాడు అంత కష్టపడి బాగున్నట్టు వస్తుంటే!"

అందుకని చప్పుడు కాకుండా మెట్లు దిగిందట. గోడ పట్టుకుని ఒక్కో మెట్టే దిగి, లోపలి గదిలోకి వెళ్లి, తలుపు వెనక కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నిలబడిందట, తమ్ముడు మళ్లీ సైకిలెక్కి బెల్లు కొట్టేదాకా.