మా ప్రింటరుకు నేనిచ్చిన పర్మిషను

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను మనిషికొకటి కాకుండా ఇంటికొకటి ఉండే రోజుల్లో, మా ఇంట్లో ఏ వస్తువు కదలాలన్నా నా నోటి వెంట "సరే" అన్న మాట రావాలి. ఆ మాట అంత తేలిగ్గా వచ్చేది కాదు. నాకప్పుడు నలభై దాటి కొన్నేళ్ళు. జుట్టు ఇంకా నల్లగానే ఉండేది, గొంతు ఇప్పటికంటే బాగా పెద్దది. చదువు ఐదో తరగతితో మాన్పించేశారు (నేనే మానేశానని మా అమ్మ అనేది, ఆ తగువు తేలకుండానే ఆవిడ వెళ్ళిపోయింది). మావారు మస్కట్‌లో డ్రైవరు. మా అబ్బాయి అంబాజీపేట నుంచి వెళ్ళే కొబ్బరికాయల లారీల వెంట పొరుగు రాష్ట్రాలు తిరిగేవాడు. ఇంటిపట్టున ఉండేది నేనూ, కొత్తగా కాపురానికొచ్చిన కోడలూ. వీధి గుమ్మంలోకి ఎవరొచ్చినా నా జవాబు ఒకటే. చీరల మూటవాడు మూట దించకముందే "వద్దు". స్టీలు సామానువాడు గిన్నె మోగించకముందే "వద్దు". వద్దన్నదానికి ఖర్చు లేదు, సరే అన్నదానికే ఖర్చు. నా సంసార శాస్త్రమంతా ఇంతే.

అలాంటి ఇంట్లోకి కంప్యూటరు వచ్చింది. మావారు సెలవులో వచ్చినప్పుడు, కోడలు డిగ్రీ చదివి అమలాపురంలో కంప్యూటరు కోర్సు కూడా చేసిందని మురిసిపోయి కొనిపెట్టారు. ఆ మరుసటి సెలవుకి దుప్పట్ల మధ్య పెట్టి ఒక ప్రింటరు కూడా మోసుకొచ్చారు. దాంట్లో పోసే ఇంకు ధర తెలిశాక నాకు రెండు పూటలు అన్నం సయించలేదు. ప్రింటరుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, మావారి పాత లుంగీతో ముసుగు వేసి, "మొదటి కాగితం ఏదైనా మంచి పనికి తియ్యాలి. అందాకా ఎవరూ ముట్టుకోవద్దు" అన్నాను. ఎవరూ అంటే ఇంట్లో ఉన్నది కోడలే అనుకోండి. "ఆయ్, అలాగేనండి" అంది ఆ పిల్ల. నెలలు గడిచినా లుంగీ తొలగలేదు.

కంప్యూటరు బిగించిన మనిషి వెళ్తూ వెళ్తూ, "అమ్మగారూ, లోపల ఒక కాపలా ప్రోగ్రాము పెట్టేనండి. కొత్తవాళ్ళెవరొచ్చినా మిమ్మల్నడుగుద్ది. ఎస్ అంటే రానిస్తాది, నో అంటే పంపించేస్తాది" అని చెప్పాడు. ఇన్నాళ్ళకు నా మనసెరిగిన యంత్రం ఒకటి ఇంటికొచ్చిందని సంతోషించాను. శుక్రవారాలు మావారు ఆ కంప్యూటర్లోంచే మాట్లాడేవారు. కోడలు వంటింట్లో ఉంటే, ఆయన వచ్చేదాకా నేను దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. నేను కూర్చున్నానో లేదో "టింగ్" మని ఒక డబ్బా పైకి లేచేది. అందులో చీమల బారులా ఇంగ్లీషు, అడుగున రెండు బొత్తాలు. ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా వచ్చు గానీ అంత బారు చదవలేను. నో అన్న రెండక్షరాలూ పోల్చుకుని, అదే నొక్కేదాన్ని. మళ్ళీ టింగ్, మళ్ళీ నో. ఆ బొత్తాల పక్కన బుల్లి గడి ఒకటి ఉండేది. అదేమిటని కోడల్ని అడిగితే, "ఇక మీదట అడగొద్దు అని చెప్పడానికండి" అంది. ఎంత మర్యాద! ఈ ఏర్పాటు చీరల మూటవాడికి కూడా ఉంటే నా గొంతు ఎంత మిగిలేదో! ఆనాటి నుంచి ముందు ఆ గడిలో టిక్కు పెట్టి, తరవాత నో నొక్కేదాన్ని. ఇవాళ ఎంతమందిని పంపేశానో మావారికి గొప్పగా చెప్పేదాన్ని కూడా. "నిన్ను మించిన వాచ్‌మేన్ మా కంపెనీలో కూడా లేడే" అనేవారాయన.

ఇలా ఉండగా రాజోలు వైపు ఒక కాన్వెంటులో కంప్యూటరు టీచరు కావాలన్నారు. కోడలు నన్నడగడానికి మూడు పూటలు నా చుట్టూ తిరిగి, చివరికి చింతపండు పిసుకుతూ అడిగింది. బస్సు చార్జీలు పోను ఏం మిగులుతుందో లెక్క వేసుకుని (లెక్కలో నేను డిగ్రీకి తక్కువేం కాదు) సరే అన్నాను. ఆ పూట సరే అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది. మర్నాడు పదకొండింటికి రమ్మని, బయోడేటా తెమ్మని వాళ్ళు ఫోను చేశారు. బయోడేటా అంటే తన పేరూ ఊరూ చదువూ రాసుకున్న కాగితమట. ఇంతకంటే మంచి పని ఇంకేముంది? పొద్దున్నే దీపం పెట్టి, నా చేత్తోనే లుంగీ ముసుగు తీశాను.

కోడలు టైపు చేసి బొత్తాం నొక్కింది. ప్రింటరు కదల్లేదు. తెర మీద ఎర్ర గుర్తుతో ఒక డబ్బా లేచింది.

"ఏమంటోంది?"

"పర్మిషను లేదంటోందండి."

"ఎవరికి?"

"మనకేనండి."

"మన ఇల్లు, మన ఇంకు, మన కాగితం. మధ్యలో పర్మిషను ఎవడివ్వాలి?"

"ఇంటి పెద్ద ఎవరో వాళ్ళనడగమన్నట్టుందండి."

"ఇక్కడే కూర్చున్నాను కదా! నన్నే అడగమను!"

అది అడగలేదు. ఆర్పి వెలిగించాం. వైర్లు పీకి గుచ్చాం. మా అరుపులకు పక్కింటి పిన్నిగారు గోడ మీంచి తొంగి చూసి, "దిష్టమ్మా, దిష్టి. లుంగీ కప్పితే ఆగుద్దా? ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో పడెయ్యి" అంది. తిప్పాను. కోడలికి దగ్గొచ్చింది, ప్రింటరుకి మాత్రం ఏమీ రాలేదు. మావారికి మిస్‌డ్ కాల్ ఇచ్చాను. ఆయన కంగారుపడి వెంటనే చేసి, సంగతి విని, "ఓస్, అంతేనా! పక్కనుంచి అరచేత్తో ఒక్కటియ్యి. మా బండి స్టార్టరు అలాగే లేస్తది" అన్నారు. ఇచ్చాను. బొట్టు రాలింది.

కోడలు గడియారం వంక చూసింది. "అమలాపురం వెళ్ళి షాపులో తీయించుకుందునండి, కానీ అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి రాజోలెళ్ళేసరికి పదకొండు దాటిపోద్ది."

"గొడ్లపాకలో గేదెను కట్టుకుని పాలు కొనుక్కుంటామా? చేత్తో రాసి పట్టుకెళ్ళు. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి."

"కంప్యూటరు పాఠం చెప్పే ఉద్యోగానికి చేత్తో రాసిన కాగితమా అత్తయ్యగారూ? గేటు దగ్గరే నవ్వుతారండి." ఆ పిల్ల మళ్ళీ గడియారం వంక చూసింది. "ఇది తప్పితే మళ్ళీ ఏడాదికి గానీ తీసుకోరంటండి."

మా ఇంటికొచ్చాక ఆ పిల్ల నన్ను అడిగిన మొదటి కోరిక అది. ఆ మాట ఆ క్షణంలోనే నాకు తట్టింది. అందుకే గొంతు పెంచలేదు. "బస్సుకింకా టైముంది. ఇంకేదన్నా చేసి చూడు. నేనేం చెయ్యాలో చెప్పు" అన్నాను.

"ప్రింటరుని కంప్యూటర్లోంచి మొత్తం తీసేసి, కొత్తగా వచ్చినట్టు మళ్ళీ పెడతానండి" అని, ప్రింటరుతో వచ్చిన సీడీ లోపలికి తోసింది. చక్రం తిరిగే చప్పుడైంది. "మీరిక్కడ మౌసు పట్టుకుని కూర్చోండి, నేను కాగితాలు సర్దుతాను" అని కిందికి వంగింది. టింగ్ మంది. నేను మామూలుగా గడిలో టిక్కు పెట్టి, మామూలుగా నొక్కేశాను.

కోడలు చివాలున తల పైకెత్తింది. "అత్తయ్యగారూ! ఏం నొక్కేరు?"

"మామూలే. వద్దన్నాను."

"అడిగింది ప్రింటరండీ!"

"ప్రింటరా? ఇంట్లోదే కదా, అది నన్నడగడమేంటి?"

"ఇంట్లోవాళ్ళయినా మిమ్మల్నడక్కుండా ఏం చేస్తారండి?"

అనేసి నాలిక కరుచుకుంది. తరవాత ఆపుకోలేక చీర చెంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. ఇన్ని నెలలుగా కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఆ ప్రింటరు నా దగ్గరకొచ్చి "అమ్మా, పని చెయ్యమంటారా" అని అడుగుతూనే ఉందట. నేను దాన్ని స్టీలు సామానువాళ్ళలో కలిపేసి పంపేస్తూనే ఉన్నానట. చివరికి ఇక మీదట అడగొద్దన్నానట. అదీ పౌరుషం గలదే, అడగడం మానేసింది. నాకు నవ్వు రాలేదు. "ఆ నవ్వేదేదో బస్సులో నవ్వుకో. మళ్ళీ పెట్టు" అన్నాను.

మళ్ళీ తీసింది, మళ్ళీ పెట్టింది. టింగ్. ఈసారి కోడలు చేతులు కట్టుకుని నిలబడింది. "మీరే నొక్కండి" అంది. మౌసు మీద నా వేలు చాలాసేపు ఆగింది. భయం కాదు. ఎస్ అన్న బొత్తాం ఎటువైపు ఉందో అంతవరకు ఎప్పుడూ చూసుకోలేదు, అంతే. వెతికి నొక్కాను. ప్రింటరు ఒళ్ళు విరుచుకుని, మూలిగి, ఒక కాగితం కక్కింది. ఆ కాగితం మీద రంగురంగుల బొమ్మ!

"ఇదేంటి?"

"సరిగ్గా పడుతోందో లేదో చూడ్డానికి పరీక్షండి."

"పరీక్షకి నలుపు చాలదా? అన్ని రంగులూ పొయ్యాలా?"

ఆ వెనకే బయోడేటా వచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. కోడలు జడ వేసుకోవడానికి పరుగెత్తితే, నేను కళ్ళజోడు సర్దుకుని అక్షరాలు కూడబలుక్కున్నాను. పైన ఆ పిల్ల పేరు. అడుగున చిరునామా. అందులో "కేరాఫ్" అన్నచోట మా అబ్బాయి పేరు లేదు, మావారి పేరూ లేదు. నా పేరుంది.

"ఇదెందుకు రాశావు?" అన్నాను గది బయట నుంచే.

"ఉత్తరం వస్తే అందుకునేదెవరండి? గుమ్మంలో ఎప్పుడూ ఉండేది మీరే కదా" అంది పిన్నులు పళ్ళ మధ్య పట్టుకుని.

పెళ్ళి శుభలేఖలో తప్ప నా పేరు అచ్చులో చూసుకున్నది లేదు. అదీ తెలుగులో. ఇంగ్లీషులో ఇదే మొదలు. "ఇంకోటి తియ్యి" అన్నాను.

"ఒకటి చాలన్నారండి వాళ్ళు."

"చెప్పింది చెయ్యి. బస్సొచ్చేస్తుంది."

ఉద్యోగం వచ్చింది. ఇప్పుడా పిల్ల అదే బడిలో చిన్న టీచర్లని అదిలించే పెద్ద టీచరు. అదిలింపు ఎక్కడ నేర్చుకుందో ఆ టీచర్లకు తెలియదు. నాకు మాత్రం ఎక్కువ గుర్తున్నది బస్సు వెళ్ళిపోయాక ఇంట్లో ఒక్కదాన్నీ కూర్చున్న ఆ గంట. ప్రింటరు ముందు ఒక గట్టిగొంతు మనిషి. ఎవరూ చూడటం లేదని తెలిసి, రెండో కాగితం ఒళ్ళో పెట్టుకుని, తన పేరు మీద వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం పైకి చదువుకుంటోంది. చివరిదాకా వెళ్ళి, మళ్ళీ మొదటికొస్తోంది. అంత పెత్తనం చేసిన మనిషి అంత చిన్నపిల్లా అని నవ్వొస్తుంది. ఇంతట్లో ఆవిడ పొయ్యి మీది అన్నం మాడుతుంది. వెనక నుంచి వెళ్ళి భుజం తట్టి చెబుదామా అనిపిస్తుంది. ఎందుకులే, చదువుకోనీ.