రెండు గంటలకోసారి పక్క తిప్పడం

మా నర్సుల ఉద్యోగాన్ని దేవుడి సేవ అని పొగిడేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. వాళ్ళెవరూ ఒక్క పూట వార్డులో నిలబడి ఉండరు.

డెబ్భైల చివర్లో విశాఖలో మగవాళ్ళ సర్జికల్ వార్డులో పనిచేసేదాన్ని. రేవులో బస్తాలు మోసే కళాసీ ఒకతను ఓడ మీంచి పడి, నడుము కింద స్పర్శ పోయి మా దగ్గరికొచ్చాడు. అలాంటివాణ్ణి చంపేది విరిగిన ఎముక కాదు, కదలకుండా పడుకుంటే వీపున పడే పుండు. రెండు గంటలకోసారి పక్క తిప్పి, వీపు స్పిరిటుతో రుద్ది, పౌడరు అద్దాలి. ఎంత బాగా చేసినా కనబడేది ఏమీ ఉండదు. పుండు పడితేనే అందరూ చూస్తారు.

అతని భార్యకు నేనంటే మంట. "ఏటి సిస్టరమ్మా, ఇప్పుడే కదా నిద్దరోనాడు మావోడు! కాసేపు ఒగ్గీరాదా?" అని తగవుకొచ్చేది. ఎంత చెప్పినా చెవిన పెట్టలేదు.

అమ్మకు జ్వరమని మూడు రోజులు సెలవు పెట్టాను. ఆ మూడు రోజులూ పక్క తిప్పడానికి వచ్చిన సిస్టర్లను ఆమె బతిమాలి వెనక్కి పంపేసిందట. వార్డు నిండా రోగులు, వాళ్ళూ సరేననుకున్నారు. నేను తిరిగొచ్చేసరికి నడుము కింద రూపాయి బిళ్ళంత పుండు.

ఆ మంచం బాధ్యత నాది కాబట్టి, రౌండ్సుకొచ్చిన పెద్ద డాక్టరు విద్యార్థుల ముందు నన్ను నిలబెట్టి కడిగేశారు. మెమో ఇప్పించారు. ఆమె మంచం పక్కనే తల వంచుకుని నిలబడింది. సెలవు మాటెత్తితే ఆరా తీసేవారు, నిజం తెలిస్తే ఆమెను బయటికి గెంటేసేవారు. అతనికి గంజి తాగించే దిక్కు ఆమె ఒక్కతే. నోరు మూసుకున్నాను.

పుండు మానడానికి నెలలు పట్టింది. ఆ నెలలన్నీ ఆమె చేతులు పట్టుకుని పక్క తిప్పడం నేర్పి ఇంటికి పంపాను.

ఏడాది తర్వాత అతన్ని పరీక్షకు తీసుకొచ్చింది. పాత మచ్చ తప్ప వీపు శుభ్రంగా ఉంది. నా ప్రాణం లేచొచ్చింది. డాక్టరు మురిసిపోయి విద్యార్థులతో, "చూడండి, అక్షరం ముక్క రాని మనిషి ఇంట్లో చేసి చూపించింది. మన సిస్టర్ల చేత కాలేదు" అన్నారు.

"సిస్టరమ్మే నేర్పింది" అంటుందేమోనని ఆమె మొహంకేసి చూశాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అలా ఆశపడినందుకు నాకిప్పటికీ సిగ్గేస్తుంది.

తర్వాత వరండాలో, స్ట్రెచరు మీదున్న మొగుడి పక్కన నిలబడి నా చెయ్యి పట్టుకుంది. "అప్పుడూ నాను నోరిప్పనేదు, ఇప్పుడూ ఇప్పనేదు. బయమేసిందమ్మా" అంది.

కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. గోడ గడియారం వైపు చూశాను. వాళ్ళొచ్చి రెండు గంటలు దాటింది.

"అదలా ఉంచు. ముందు మీ ఆయన్ని పక్కకి తిప్పు" అన్నాను.