బతోలొమాయో తాతా, జ్ఞానస్నానాల పుస్తకమూ

బతోలొమాయో తాత ఎవరినీ బాగున్నారా అని అడగడు. "మీ తాతకి జ్ఞానస్నానం ఏ కొండ మీద అయింది?" అని అడుగుతాడు. మా బుగండా సీమలో పలకరింపంటే మాటలు కాదు. ఒంట్లో ఎలా ఉంది, ఇంట్లో ఎలా ఉన్నారు, తోట ఎలా ఉంది అంటూ పొయ్యి మీద అరటికాయ ఉడికేదాకా సాగదీస్తాం. ఈయనకి అవేమీ పట్టవు. ఒకసారి పన్ను పీకించుకోడానికి వెళ్లి, నోట్లో పటకారు ఉండగానే డాక్టరుగారి ముత్తాత ఊరు కనుక్కుని వచ్చాడు. పన్ను మాత్రం పుచ్చింది వదిలేసి పక్కది పీకించుకున్నాడు.

మా కితెంగ కొండ మీది చర్చిగుడిలో జ్ఞానస్నానాలూ పెళ్లిళ్లూ పుస్తకాల్లో ఎక్కించే రాతకోతల పని ఈయనది. పని మానేసి పన్నెండేళ్లయింది. ఈలోగా ముగ్గురు ఫాదర్లు మారారు గానీ, పుస్తకాల గది తాళం అడిగే ధైర్యం ఒక్కరికీ లేకపోయింది. నా కుట్టుమిషను ఆ గది వెనక అరుగు మీద ఉంటుంది. ఆయనకీ నాకూ మధ్య ఒక కిటికీ. మధ్యాహ్నం పూట సరస్సు మీంచి మంచులాంటి మసక లేచి కొండ సగం కనపడకుండా పోతుంది. సరిగ్గా అప్పుడే ఆయన పాత పుస్తకం తెరిచి, అందులోకి దిగిపోతాడు.

"యోజెఫీనా ఇవాళ ఒకటే ఏడుపు. పళ్లొస్తున్నాయేమో."

"ఏ యోజెఫీనా తాతా?"

"కుమ్మరి లూకా కూతురు. మొన్ననేగా జ్ఞానస్నానం చేయించారు."

మొన్న అంటే పంతొమ్మిది వందల పదకొండు. లూకా పోయాడు, యోజెఫీనా పోయింది, ఆవిడ మనవలు కూడా ముసలివాళ్లయ్యారు. అయినా ఆ మసకలో, మిషను చప్పుడు ఆగినప్పుడు, నాకూ పసిపిల్ల ఏడుపు వినపడ్డట్టే ఉండేది. ఒక్కోరోజు వాళ్లమ్మకి ఏదైనా చిట్కా చెబుదామా అనిపించేది కూడా. పిచ్చి అంటుకుంటుందంటే ఇదేనేమో.

ఈయన పుస్తకాల వల్ల ఊళ్లో ఎంతమందికి మనశ్శాంతి పోయిందో లెక్కలేదు. మాలో ప్రతి మనిషికీ తండ్రి వైపు నుంచి వచ్చే ఒక వంశం. ఆ వంశానికి గుర్తుగా ఒక జంతువో, పురుగో, మొక్కో ఉంటుంది. ఎవరి గుర్తుని వాళ్లు తినకూడదు. మిడతలు పడే రోజుల్లో మా ఊరి పెద్ద కిజ్జాగారు పొట్లం నిండా వేపుడు మిడతలు పట్టుకుని నడివీధిలో నములుతున్నారు. తాత పుస్తకం చంకలో పెట్టుకుని ఎదురొచ్చాడు.

"అయ్యా, ఉమ్మేయండి."

"ఎందుకు?"

"మీ తాతగారిది మిడతల వంశం. ముప్పై నాలుగో పేజీలో ఉంది. నలభై ఏళ్లుగా మీరు మీ అన్నదమ్ముల్ని నములుతున్నారు."

కిజ్జాగారు ఉమ్మేశారు. ఆ తర్వాత నాలుగు నెలలు తాత ఎదురుపడితే పక్క సందులోకి తిరిగిపోయేవారు. ముసలాయనకి వేరే పనిలేదని అందరితోపాటు నేనూ అన్నాను. అనలేదంటే అబద్ధం.

అలాంటప్పుడు ఫెలిస్తా వచ్చింది. సిస్టర్ల దగ్గర పెరిగిన పిల్ల. పెళ్లికి గోమెసి గౌను కుట్టించుకోడానికి వచ్చి, కొలతలు తీస్తుంటే ఏడ్చింది. పెళ్లికొడుకు గొన్జాగాది చిరుత వంశం. వాళ్ల నాయనమ్మ అడ్డం తిరిగిందట.

"నువ్వే వంశమో నీకే తెలియదు. చిరుతవైతే నా మనవడికి చెల్లెలివి అవుతావు. చెల్లెల్నే ఇంటి కోడల్ని చేసుకోమంటావా?" అందట ఆవిడ. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. అదే వచ్చిన చిక్కు. పైగా పెళ్లికి ముందు రెండు వైపుల వాళ్లూ కలిసే పరిచయాల వేడుకలో పిల్లని చెయ్యిపట్టి తీసుకొచ్చేది మేనత్త. ఈ పిల్లకి మేనత్త కాదు కదా, దూరపు చుట్టం కూడా లేదు. వేడుకకి మూడు వారాలుంది.

కిటికీలోంచి తాతని పిలిచాను. ఆయన పుస్తకం తీసి వేలు పెట్టి చూపించాడు. పేరు, ఫెలిస్తా. తండ్రి, తెలియదు. వంశం, ఖాళీ. జ్ఞానతల్లి, అంటే జ్ఞానస్నానం నాడు పిల్లకి సాక్షిగా నిలబడ్డావిడ, అనస్తాజియా. అంతే.

"తాతా, ఆ ఖాళీలో ఏదో ఒక వంశం రాసేద్దురూ. ఏనుగు అనండి, చేప అనండి, ఎవరు చూడొచ్చారు?"

"పుస్తకంలోనా?" అన్నాడు. పూజపాత్రలో చెప్పులు కడగమన్నట్టు చూశాడు నన్ను.

"పోనీ వెతుకుతారే అనుకుందాం, చిరుత అని తేలితే?" అన్నాను.

"తేలితే తేలనీ," అంది ఫెలిస్తా. "నేనెవరో తెలుస్తుంది కదా. వెతకండి తాతా."

మర్నాడు పొద్దున్నే ఫాదరుగారి సైకిలు కనపడలేదు. తాతా కనపడలేదు. అడగకుండా తీసుకెళ్లాడని ఫాదరుగారు ప్రసంగంలో దొంగతనం గురించి రెండు వారాలు మాట్లాడారు. వానలు మొదలయ్యాయి. నేను గౌను కుట్టడం మొదలుపెట్టి, పెళ్లి ఆగిపోతే ఎలా అని కుట్లు విప్పి, మళ్లీ కుట్టాను.

పదిహేనో రోజు మధ్యాహ్నం మసకలోంచి సైకిలు తోసుకుంటూ వచ్చాడు, మోకాళ్లదాకా బురదతో. ఫెలిస్తా నా పక్కనే ఉంది.

"అనస్తాజియా పెళ్లి పుస్తకం చూశానా, అందులో భర్తది సరస్సు ఒడ్డున ఊరు అని ఉంది. అక్కడ గుడి తాళం తియ్యడానికి…"

"తాతా, చిరుతా కాదా?" అన్నాను ఆగలేక.

"వరసలో చెప్పనీ అమ్మాయ్. తాళం తియ్యడానికి మూడు రోజులు. ఈలోగా అనస్తాజియానే దొరికింది. బతికే ఉంది, చెవులే వినపడవు. జ్వరాలొచ్చిన ఏడు పక్కింటి వాళ్లు పోతే ఈ పిల్లని ఎత్తుకొచ్చి సిస్టర్లకి ఇచ్చిందట. ఆ గందరగోళంలో తండ్రి పేరు ఎవరూ అడగలేదట. తండ్రి పడవలు చేసేవాడు. అక్కడి పుస్తకంలో ఆయనా ఉన్నాడు, పెళ్లీ ఉంది. తల్లిది ఏనుగు వంశం. తండ్రిది పుట్టగొడుగుల వంశం."

చిరుత కాదు! నేను గౌను మళ్లీ మిషను మీదికి లాగాను. ఫెలిస్తా తాత ముందు మోకాళ్ల మీద కూర్చుంది. తర్వాత కళ్లు తుడుచుకుంది.

"అయితే ఇంక పుట్టగొడుగులు తినకూడదా తాతా?"

"వాసన కూడా చూడకూడదు."

"నాకు వాటి పులుసంటే ప్రాణం," అంది దిగులుగా.

తాత జేబులోంచి మడతలు చిరిగిన కాగితం తీశాడు. అందులో పంతొమ్మిది పేర్లు. జ్వరాల ఏడు సిస్టర్ల దగ్గరికి చేరిన పిల్లలు, పుస్తకంలో వంశం గడి ఖాళీగా ఉన్నవాళ్లు. పదకొండు కొట్టేసి ఉన్నాయి. ఫెలిస్తా పేరు మీద గీత గీశాడు. దారినపోయే ప్రతివాణ్నీ తాతల ఊరు అడిగింది ఈ పిల్లల కోసమని నాకప్పటికి అర్థమైంది. ఆయన్ని అన్న మాటలన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"మిగతా ఏడుగురి సంగతేంటి?"

"నువ్వు కొలతలు తీసేటప్పుడు ఖాళీగా ఉండేది చేతులు కాదుగా, నోరేగా. అడుగుతూ ఉండు."

మా దగ్గర వంశం ఒకటైతే చాలు, అందులో పెద్ద మగవాళ్లంతా తండ్రులు, ఆడవాళ్లంతా మేనత్తలు. కొండ మీద పుట్టగొడుగుల వాళ్లెవరో తాతకి పేజీలతో సహా తెలుసు. మిగిలిన ఐదారు రోజులూ గడప గడపా తొక్కాడు. వేడుక రోజున మగపెళ్లివారి తరఫు మాటకారి లేచి, "ఈ పిల్ల మేనత్త ఎవరమ్మా?" అన్నాడు. ఎనిమిది మంది లేచి నిలబడ్డారు. నేనంటే నేనని వాళ్లు తేల్చుకునేసరికి భోజనాలు చల్లారిపోయాయి. గొన్జాగా నాయనమ్మ ఎనిమిది మందినీ వేలు పెట్టి లెక్కపెట్టుకుంది.

రెండు నెలలకి ఫెలిస్తా విసవిసా నడుచుకుంటూ కిటికీ దగ్గరికి వచ్చింది.

"తాతా, నా వల్ల కాదు. పొద్దున ఒక మేనత్త, సాయంత్రం ఒక మేనత్త. ఒకావిడ నా వంటకి వంక పెడుతుంది. ఇంకొకావిడ మా ఆయన్ని నిలబెట్టి తిడుతుంది. తండ్రులైతే కూర్చున్నవాళ్లు లేవరు. సగం మందిని వెనక్కి తీసుకోండి."

అంటోందే గానీ పిల్ల మొహం వెలిగిపోతోంది. తాత పుస్తకంలోంచి తల ఎత్తలేదు.

"ఇప్పుడే అలా అంటే ఎలాగమ్మా. వీళ్లంతా మీ నాన్న వైపు వాళ్లే. మీ అమ్మ వైపు వాళ్లకి నేనింకా కబురే పెట్టలేదు."