కుశలమడిగిన మెయిలు

జింజా ఊళ్ళో జుట్టు కత్తిరించే దుకాణాలకు కొదవ లేదు. ఇసాబిర్యే దుకాణానికి మాత్రం జుట్టు పెరగనివాళ్ళు కూడా వస్తారు. తల అప్పగించేవాళ్ళకంటే ఫోను అప్పగించేవాళ్ళే ఎక్కువ. ఫోన్లో యుద్ధాల ఆట ఆడే కుర్రకారుకు "నీకు వజ్రాలు వచ్చాయి, ఇక్కడ నొక్కు" అని మెయిలొస్తే అది అసలుదో నకిలీదో తేల్చేది ఆయనే.

కత్తెర పక్కన పెట్టి, ముందు పంపినవాడి చిరునామా చూస్తాడు. కంపెనీ పేరుకు తోక తగిలించి ఉంటే మాట్లాడకుండా ఫోను వెనక్కిచ్చేస్తాడు. "సాయంత్రంలోగా నొక్కకపోతే నీ ఖాతా మూసేస్తాం" అని తొందరపెట్టేవాడు దొంగ. పాస్‌వర్డు అడిగేవాడు దొంగకు తాత. ఇంతవరకు ఎవరైనా చెప్పగలరు. ఆయన సొంతంగా కనిపెట్టిన సూత్రం ఇంకొకటుంది. కుశలం అడగకుండా పనిలోకి దిగినవాడెవడైనా దొంగే.

"రాత్రి ఎలా తెల్లారింది, ఇంట్లోవాళ్ళు ఎలా ఉన్నారు, కష్టపడుతున్నారు సంతోషం... ఇవేం లేకుండా మొహం మీదే 'నొక్కు' అంటాడేంట్రా? అప్పులోడైనా అలా అడగడు" అనేవాడు.

ఈ సూత్రంతో ఆయన వీధినంతా కాపాడాడు. తన ఖాతానూ కాపాడుకున్నాడు. ఐదుగురి జట్టుకు ఆయనే నాయకుడు. ఆ శనివారం కంపాలాలో పెద్ద పోటీ ఉంది. నాయకుడి ఖాతా లేకపోతే జట్టుకు ప్రవేశం లేదు. జట్టులో రెండోవాడైన కిరుండా, మోటారుసైకిలు మీద మనుషుల్ని తిప్పేవాడు, ఆ ఒక్కరోజు కోసం బండి కొత్తగా కడిగించాడు కూడా. దాని మీద ఐదుగురూ ఎలా వెళ్తారన్నది ఎవరూ అడగలేదు.

మంగళవారం ఆయనకొక మెయిలొచ్చింది. దుకాణంలో అందరికీ వినిపించేలా చదివాడు.

"అయ్యా, రాత్రి ఎలా తెల్లవారింది? ఇంట్లో అంతా క్షేమమా? పిల్లలు బాగున్నారా? పనిలో ఉన్నట్టున్నారు, కష్టపడుతున్నందుకు సంతోషం. మీ ఖాతాకు కాపలా పెంచుతున్నాం. తమరు బాగున్నారని తెలిస్తే చాలు."

"చూశారా! ఇన్నాళ్ళకు కంపెనీవాళ్ళు మనవాణ్ణొకణ్ణి పనిలో పెట్టుకున్నారు" అని ఆయన మురిసిపోయాడు.

చిరునామాకు తోక ఉంది. ఆ పూట అది ఆయన కంట పడలేదు. నొక్కమనలేదు, పాస్‌వర్డు అడగలేదు. పలకరించినవాడికి జవాబివ్వకపోవడం మర్యాద కాదు. "చల్లగా తెల్లవారింది. మీకెలా తెల్లవారింది? మా ఆవిడ నబిర్యే కులాసా. మగపిల్లలిద్దరూ బడికి వెళ్ళారు. మీ అమ్మగారు బాగున్నారా?" అని పైకి చదువుతూ రాసి, కింద ఇసాబిర్యే అని సంతకం పెట్టాడు.

సాయంత్రానికి ఖాతా తలుపు మూసుకుంది. కిరుండా పరుగున వచ్చాడు.

"అన్నా, మన జట్టు పేరు మార్చావేంటి? నీ పేరూ మారింది!"

"నేను దాని జోలికే పోలేదురా."

పక్క గదిలో కుట్టుమిషను ఆగింది. నబిర్యే తల బయటపెట్టింది. "ఏమయ్యా, పాస్‌వర్డు మర్చిపోతే ఆ ఆట నిన్ను ఏదో అడుగుతుందన్నావే, అదేంటి?"

"పెద్దబ్బాయి పేరు."

"ఇసాబిర్యే అని, అంటే కవలల తండ్రినని సంతకం పెట్టావ్. ఇద్దరూ మగపిల్లలని నువ్వే రాశావ్. ముందు పుట్టినోడు వాయిస్వా, వెనక పుట్టినోడు టెన్యువా. మన బుసోగాలో కవలలకి ఇంకో పేరు పెట్టినోడున్నాడా? మన మేకనడిగినా చెప్తుంది!"

దుకాణంలో నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఇసాబిర్యే పరువు నైలు నదిలో కలిసింది. ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది. వీధిలో అందరి ఫోన్లూ చూసిన మనిషి, తన ఫోను ఎవరికి చూపించుకోవాలి?

ఆ రాత్రే కంపెనీకి పొడుగాటి మెయిలు రాశాడు. సగం కుశల ప్రశ్నలే. మర్నాడు జవాబొచ్చింది. "ఖాతా మీదేనని నిరూపించండి." అంతే, ఇంకో ముక్క లేదు. తోక లేని చిరునామా. నిజమైన కంపెనీ.

"దొంగే నయం, మా పిల్లల్ని అడిగాడు" అని గొణుక్కుంటూ, ఆట మొదలుపెట్టినప్పటి పాత ఫోను రకం, ఆటలో మొట్టమొదట కొన్న కత్తి పేరు రాసి పంపాడు. శుక్రవారం మధ్యాహ్నం ఖాతా తిరిగొచ్చింది. ప్రశ్న మాత్రం అదే ఉంచి, జవాబు మార్చమన్నారు.

"ఏదో ఒక దొంగపేరు కొట్టేయన్నా" అన్నాడు కిరుండా. "పొద్దున్నే బయల్దేరాలి."

"దొంగపేరైతే నేనే మర్చిపోతానురా."

కాసేపు అద్దంలోకి చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు. నబిర్యే వచ్చి వెనక నిలబడింది. తెర మీద అక్షరాల బదులు చుక్కలే కనిపిస్తున్నాయి.

"ఏం రాశావ్?"

"పెద్దబ్బాయి పేరే."

"మళ్ళీ వాయిస్వాయేనా? బుద్ధుందా నీకు?"

"వాడు కాదు. వాడికంటే ముందోడు."

కవలలకు ముందు, వాళ్ళు కములీలో ఉన్నప్పుడు, ఒక కొడుకు పుట్టాడు. నవ్వడం నేర్చుకోకముందే పోయాడు. వాణ్ణి పాతిపెట్టాకే వాళ్ళు జింజా వచ్చారు. ఈ వీధిలో ఆ సంగతి ఎవరికీ తెలీదు. ఇంట్లో కూడా ఆ పేరు ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే ఇద్దరూ తట్టుకోలేరని ఇద్దరికీ తెలుసు. ఆ పేరు నేనూ ఇక్కడ రాయను. అది వాళ్ళ తాళం.

నబిర్యే వంగి, తెర మీద చుక్కలు లెక్కపెట్టింది. కిరుండా తలుపు దగ్గరికి వెళ్ళి బండి చూసుకుంటున్నాడు.

"అక్షరం తప్పు పోలేదు కదా?" అంది.

"పోలేదు. ఇంకోసారి కొట్టమంటోంది, సరిచూసుకోడానికి." ఫోను ఆమె చేతిలో పెట్టాడు. "ఈసారి నువ్వు కొట్టు."

నబిర్యే వేళ్ళకంటిన దారప్పోగులు దులుపుకుని, పేరు కొట్టింది.