మెట్ల బావిలో మా అత్త కాలు

పోయిన వారం హోసూరులో మా ఇంటికి నీళ్ళ ఫిల్టర్ బాగుచేసే మనిషి వచ్చాడు. లోపలున్న గొట్టాన్ని బయటికి లాగి, దానికి పట్టిన మట్టిని నా ముక్కు ముందు పెట్టి, నీళ్ళలో ఎన్ని జబ్బులుంటాయో చెప్పడం మొదలుపెట్టాడు. జూజువాడిలో ఇంకో మూడిళ్ళకు పోవాలంటూనే అరగంట సేపు చెప్పాడు. నేను తలూపుతూ విన్నాను. నాకు ఈ పాఠం మొదట చెప్పింది మా ఆయన. ఆయన ఆ పాఠాన్ని నా చేత చెప్పించింది మా అత్తకు. ఆవిడను తలుచుకుంటే ఇన్నేళ్ళ తర్వాత కూడా నాకు పళ్ళు బిగుసుకుంటాయి.

నాకు పెళ్ళయింది అరవైల మొదట్లో. అత్తవారి ఊరు అంచెట్టి దారిలో, గుట్టల నడుమ ఉండేది. మా ఆయన కృష్ణగిరిలో హెల్త్ ఇన్‌స్పెక్టరు. వారమంతా సైకిలు మీద ఊరూరా తిరిగి, నారికురుపు రాకుండా ఏం చేయాలో జనానికి చెప్పడం ఆయన ఉద్యోగం. శనివారం సాయంత్రం బస్సు దిగి, రెండు మైళ్ళు నడిచి ఇంటికి వచ్చేవారు. నారికురుపంటే ఏమిటో ఈ కాలం పిల్లలకు తెలియదు, తెలియకపోవడమే మంచిది. కాలిమీద పొక్కు లేచి, నిప్పు పెట్టినట్టు మండి, అది చితికాక లోపలినుంచి తెల్లటి దారంలాంటి పురుగు తల బయట పెడుతుంది. ఒక్కోసారి రెండు మూరల పొడవుంటుంది. దాన్ని చీపురుపుల్లకు చుట్టి, రోజూ కాస్త కాస్తగా, తెగకుండా లాగాలి. దానికి వేరే మందు లేదు. మంట తగ్గుతుందని ఆ కాలిని నీళ్ళలో పెడితే మాత్రం పురుగు తన పిల్లల్ని ఆ నీళ్ళలోకి వదిలేస్తుంది. ఆ నీళ్ళు తాగినవాళ్ళకు ఏడాది తిరిగేసరికి ఒంట్లోంచి కొత్త పురుగు బయటికొస్తుంది. పుండుతో బావిలో దిగొద్దు, నీళ్ళు గుడ్డలో వడబోసుకుని తాగండి. మా ఆయన చెప్పేది ఈ రెండు ముక్కలే. తాలూకాలో సగం ఊళ్ళు ఆయన మాట విన్నాయి. కన్నతల్లి వినలేదు.

మా ఇంటి బావిని మా మామ తవ్వించారు. నీటిదాకా రాతిమెట్లు, కింది మెట్టు మీద నిలబడి బిందె ముంచుకోవడమే. ఆయన పోయాక మా అత్త ఒక్కతే సేద్యం చేసి కొడుకును చదివించింది. ఆవిడ గొంతు వింటే ఎద్దులు కూడా నడక మార్చేవి. నేను కాపురానికి వచ్చిన మొదటి వేసవిలోనే ఆవిడ మడమ మీద పొక్కు లేచింది. మా ఆయన పురుగు తలను పుల్లకు చుట్టి, కట్టు కట్టి, బావి దగ్గరికి పోవద్దని తల్లికి చెప్పి, ఆవిడను కనిపెట్టుకుని ఉండమని నాకు చెప్పి, సోమవారం పొద్దున బస్సెక్కేశారు. ఊరూరా తిరిగి చెప్పగలిగిన మనిషి, అన్నిటికంటే కష్టమైన ఇంటిని మాత్రం మూడు నెలల కొత్త కోడలికి వదిలేశారు.

నేను మా ఆయన పాత పంచె రెండు మడతలు వేసి నీళ్ళు వడబోసేదాన్ని. ఆవిడ తనకు వేరే కుండ పెట్టుకుని, దాంట్లో వడబోయని నీళ్ళు తాగేది. రాగిసంగటి ఉడుకుతుండగా నన్ను కెలకమనేది. సంగటి మధ్యలో వదిలి లేవడానికి లేదని ఆవిడకు బాగా తెలుసు. నేను చేతులు కడుక్కుని పరుగెత్తేసరికి కింది మెట్టు మీద కూర్చుని, కాలు పిక్కదాకా నీళ్ళలో పెట్టి, కళ్ళు మూసుకుని ఉండేది. నేను అరిచేదాన్ని.

"సుమ్నే, ఊరికే ఉండమ్మా" అనేది కళ్ళు తెరవకుండానే. "మంటకు పానం పోతా ఉండాది. ఈ చల్లదనం నీ మొగుడి మాటల్లో యాడుంది?"

శనివారం కొడుకు వచ్చి నిలదీస్తే ఆవిడ దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఏమప్పా, పొద్దున తిన్న ముద్ద మాపటికి నిలవదు కదా, పోయినేడు తాగిన నీళ్ళు ఈయేటిదాకా కడుపులో నిలుస్తాయా? అది మీ నాయన తవ్విచ్చిన బావి. ఆ నీళ్ళకు నేను గుడ్డ కట్టినానంటే ఊరు నవ్వుతుంది."

మామ పేరు వచ్చేసరికి మా ఆయన తువ్వాలు భుజాన వేసుకుని చేనువైపు వెళ్ళిపోయేవారు. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చేది. అయినా నేను చేసిందీ గొప్పగా లేదు. దుక్కి దున్నుతున్న రోజు చేనులో కూలివాళ్ళందరి ముందు ఆవిడ వడబోయని నీళ్ళ చెంబు చాచి తాగమంటే, కాదనలేక తాగేశాను.

ఆషాఢంలో వానలు పడ్డాయి. విత్తనానికి అదను దాటిపోతోందని ఆవిడ ఓపిక పట్టలేక, సగం చుట్టిన పురుగును ఒక్క గుంజు గుంజింది. అది లోపలే తెగింది. రెండు రోజుల్లో కాలు మోకాటిదాకా వాచింది, జ్వరం, చీము. బండి కట్టి, బస్సెక్కించి, కృష్ణగిరి ఆస్పత్రికి తీసుకుపోయాం. కాలు తీసేయాల్సి వస్తుందేమోనని ఒక రోజంతా వణికిపోయాం. ఇంజెక్షన్లతో నిలిచింది. ఆవిడ ఆస్పత్రిలో ఉన్న ఇరవై రోజులూ, రాగికీ ఉలవకూ తేడా అప్పుడప్పుడే నేర్చుకుంటున్న నేను విత్తనం వేయించాను. తిరిగొచ్చాక ఆవిడ చేను చుట్టూ కుంటుతూ నడిచి, సాళ్ళు వంకరగా ఉన్నాయంది. ఆస్పత్రిలో పెద్ద డాక్టరు చెప్పినా సరే, వడబోసిన నీళ్ళు మాత్రం ముట్టలేదు.

మరుసటి వేసవికి నా ఒడిలో మూడు నెలల కూతురుంది. ఒక పొద్దున పిక్క మీద మంట పుట్టి చూసుకుంటే పొక్కు. అదే వారం మా వీధిలో మా బావి నీళ్ళే తాగే ఇంకో నాలుగిళ్ళలో లేచింది. నేను నిలబడలేను, బిడ్డను ఎత్తుకోలేను. మా అత్త వచ్చి నా కాలు తన ఒడిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఏడాది వెనక్కి వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకోవడం నేను చూశాను. ఆ రోజు నుంచి పురుగును చుట్టే పని ఎవరికీ ఇవ్వలేదు. తన పురుగును గుంజి తెంపుకున్న మనిషి, నా పురుగును పొద్దున్నే బొటనవేలి వెడల్పు చుట్టి ఆపేసేది. ఇరవై నాలుగు రోజులు ఒక్కసారీ తొందరపడలేదు. బిడ్డకు నీళ్ళు పోసిందీ, నాకు సంగటి పెట్టిందీ ఆవిడే. క్షమించమనడం ఆవిడ ఎరగదు. చివరి కొస బయటికి వచ్చిన రోజు దాన్ని పొయ్యిలో వేసి, నా వైపు చూడకుండా అంది:

"నేను బావిలో కాలు పెట్టినప్పుడు నువ్వు అరిచినావే, ఇంకా గట్టిగా అరిచి ఉండాల్సింది."

తప్పు నాదే అయింది. ఒళ్ళు మండింది, కానీ ఏడుపొచ్చింది.

ఆ నెలలోనే ఆవిడ రాళ్ళు కొట్టేవాళ్ళను పిలిపించి, మామ వేయించిన కింది మెట్లు పగలగొట్టించింది. చుట్టూ గోడ కట్టించి గిలక పెట్టించింది. మెట్ల మీద సుత్తి పడుతుంటే ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత పంచె ముక్క చేతబట్టి ఇల్లిల్లూ తిరిగి, వడబోయని కుండ కనిపిస్తే వాకిట్లో కుమ్మరించేది. రెండేళ్ళు తాను గొంతు చించుకుని చెప్పిందంతా తల్లి కనిపెట్టినట్టే ఊరు మెచ్చుకుంటుంటే మా ఆయన మొహం చూడాలి. నాలుగేళ్ళలో మా ఊళ్ళో నారికురుపు కనబడకుండా పోయింది.

ఆవిడ కుంటి నడక మాత్రం పోలేదు. నా కళ్ళలో ఆవిడ ఎప్పుడూ మొండి ముసలావిడే. ఈమధ్య ఊరికే కూర్చుని లెక్క వేశాను. ఆ మెట్లు పగలగొట్టించిన నాటికి ఆవిడకు నలభై రెండు దాటలేదు. నా కూతురి వయసు ఇప్పుడు అరవై. మన మీద పెత్తనం చేసినవాళ్ళు ఎంత చిన్నవాళ్ళో, మనం వాళ్ళను దాటి చాలా దూరం వచ్చేదాకా కాలం చెప్పదు.