వెనక్కి తిరిగిన పిస్టన్

బేకరీలో ఓవెన్ దగ్గర పని కాబట్టి వీధిలో అందరూ ఆమెను బ్రెడ్డక్క అనేవారు. ఆమె మొగుణ్ణి ఇంజినీరు అనేవారు. అతను చెప్పుల షాపులో సేల్స్‌మన్. వచ్చినవాళ్ళ కాళ్ళ ముందు కూర్చుని సైజులు చూడటం అతని ఉద్యోగం. మిగతా వేళల్లో ఊళ్ళోవాళ్ళ యంత్రాలకు జాతకాలు చెప్పడం అతని వ్యాపకం. మిక్సీ ఆగినా, ఫ్యాను ఆగినా, నీళ్ళ మోటారు ఆగినా వెళ్ళి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇది లోపల ప్రాబ్లం" అనేవాడు. లోపల కాకపోతే ఆకాశంలో ఉంటుందా అని ఎవరూ అడగలేదు. ఆ పేరు వెక్కిరింపుకు పెట్టిందని వీధిలో పిల్లలకు కూడా తెలుసు. అతనికొక్కడికే తెలియదు. ఎవరైనా "ఏం ఇంజినీరుగారూ" అంటే చొక్కా సర్దుకునేవాడు.

అతనికో చిన్న మోటారు సైకిలు ఉండేది. పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాల్సిన పాతకాలం టూ స్ట్రోక్ బండి. వెనక నీలం పొగ, ముందు టపటప చప్పుడు. సందు మలుపులో ఉండగానే వస్తున్నది ఎవరో తెలిసిపోయేది. ఒకసారి దాని పికప్ తగ్గింది. మెకానిక్కులంతా దొంగలని ప్రకటించి, ఇంజినీరు తానే ఇంజిన్ విప్పి కొత్త పిస్టన్, రింగులు వేశాడు. బండి స్టార్టయింది. ఆ సాయంత్రం వీధిలో అతను తిరిగిన తిరుగుడు చూసిన కొత్తవాళ్ళెవరైనా, మోటారు సైకిల్ని కనిపెట్టింది ఇతనే కాబోలు అనుకుని ఉంటారు.

ఆ వారంలోనే అతని తల్లి బాత్రూంలో జారిపడింది. మణికట్టు బన్నులా ఉబ్బింది. కొడుకు పేకాటలో ఉండి ఫోన్ ఎత్తలేదు. ఆటో దొరకలేదు. బ్రెడ్డక్క అతని బండి తీసి, అత్తగారిని వెనక కూర్చోబెట్టుకుని, దారిలో బంకు దగ్గర పెట్రోలు, ఆయిల్ పోయించుకుని ఆస్పత్రికి బయల్దేరింది. పెద్ద రోడ్డు ఎక్కాక ఇంజిన్ ఒక్కసారిగా కీచుమంటూ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. ఇద్దరూ రోడ్డు మీద పడ్డారు. మణికట్టు చూపించుకోవడానికి బయల్దేరిన అత్తగారు అదే చేతి మీద పడి, మణికట్టు విరగ్గొట్టుకుని, మోకాలు కూడా పగలగొట్టుకుని ఆస్పత్రి చేరారు.

ఇంజినీరు తీరిగ్గా వచ్చి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కిక్ రాడ్డును కాలితో తొక్కి చూసి తీర్పు చెప్పేశాడు. ఆయిల్ కలపకుండా నడిపింది కాబట్టి ఇంజిన్ పట్టేసింది. విప్పి చూడలేదు. అంతటివాడికి విప్పి చూడాల్సిన కర్మ ఏమిటి?

ఆ మాట చుట్టాలందరికీ చేరింది. చేరడం కాదు, స్థిరపడింది. అత్తగారు చెయ్యి ఎత్తి చూపిస్తూ చెప్పేవారు. ఆడపడుచు అభినయంతో సహా చెప్పేది. నలుగురు చేరిన ప్రతి చోటా బ్రెడ్డక్క కాఫీ గ్లాసులు అందిస్తుంటే ఆ కథ మొదలయ్యేది, "మా వదినకి పెట్రోలుకీ ఆయిలుకీ తేడా తెలీదు పాపం" అని. మొదట్లో ఆమె కలిపించాననే చెప్పింది. ఎవరూ వినలేదు. ఏళ్ళు గడిచాక ఆమెకే అనుమానం పట్టుకుంది. బంకువాడి చేతిలో ఆయిల్ డబ్బా చూసినట్టు గుర్తు. అది ఆ రోజేనా, ఇంకోరోజా? ఒక్కోసారి రొట్టెల పిండి కలుపుతూ ఉప్పు వేశానా లేదా అని ఆగిపోయేది. అంతకుముందు ఆమెకు అలా ఎప్పుడూ జరగలేదు.

తర్వాత ఇంజినీరు, చెప్పులు కొనడానికి వచ్చిన ఒకావిడ వెంట వెళ్ళిపోయాడు. ఆవిడ సొంత ఇల్లున్న మనిషి. స్థిరపడ్డాక తీసుకెళ్తానని తల్లికి చెప్పి వెళ్ళాడు. అతను స్థిరపడ్డాడు, ఆమెను తీసుకెళ్ళలేదు. అత్తాకోడళ్ళు ఆ రెండు గదుల ఇంట్లోనే ఉండిపోయారు. అందులో ప్రేమేమీ లేదు. వెళ్ళడానికి చోటు లేక ఒకరు, వెళ్ళమనడానికి నోరు రాక ఒకరు. బండి ముందు గదిలో పాత దుప్పటి కింద నిలబడి ఉండేది. దాని హ్యాండిల్ మీద అత్తగారు తువ్వాలు ఆరేసుకునేవారు.

బేకరీని ఊరి చివరికి మార్చినప్పుడు కథ మలుపు తిరిగింది. తెల్లవారుజామున అటు బస్సులు లేవు. బండి బాగుచేయించుకుంటానని బ్రెడ్డక్క అత్తగారితో అంది. అత్తగారు ఆ మాట ఫోన్లో కొడుకు చెవిన వేశారు. అతను దాన్ని ముట్టుకోవద్దని చెప్పమన్నాడట. అది సున్నితమైన ఇంజిన్ అట. ఉన్నదాన్ని పూర్తిగా పాడుచేస్తుందట.

బ్రెడ్డక్క మర్నాడు డ్యూటీ దిగి వస్తూ స్పానర్ల సెట్టు పట్టుకొచ్చింది.

విప్పడం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. చెయిన్ తీసింది, కార్బొరేటర్ తీసింది, సైలెన్సర్ తీసింది, ఇంజిన్ని ఛాసిస్‌కు పట్టి ఉంచిన బోల్టులు తీసింది. మళ్ళీ బిగించేటప్పుడు తికమక పడకూడదని, ఊడదీసే ముందే ప్రతి భాగానికీ సైలెన్సర్ వైపు ఎర్ర నెయిల్ పాలిష్‌తో ఒక చుక్క పెట్టింది. బేకరీలో ట్రేలకు ఏ అర ఏ వైపో అలాగే గుర్తు పెట్టుకునే అలవాటు. అత్తగారు మంచం మీద నుంచి చూసి, "గోళ్ళకు లేని సింగారం ఇనుముకా" అన్నారు. అన్నారు గానీ లేచి వచ్చి టార్చి పట్టుకున్నారు.

సిలిండర్ పైకి లాగేసరికి ఒక రింగు ముక్క ఊడి కింద పడింది. సిలిండర్ లోపలి గోడ, పిల్లి గోకినట్టు, నిలువుగా చీరుకుపోయి ఉంది. పిస్టన్ నెత్తి మీద బొగ్గులా మసి. ఆమె మసి మీదే చుక్క పెట్టి, పిస్టన్ ఊడదీసి పక్కన పెట్టింది.

స్పేర్ పార్టుల షాపు అతను ఆమెను చూసి నవ్వాడు. కావలసినవి కాగితం మీద రాసి మీ ఆయన్ని పంపండి, ఆడవాళ్ళకు ఇవి అర్థం కావు అన్నాడు.

"మా ఆయన్ని ఎప్పుడో పంపేశానండీ," అంది బ్రెడ్డక్క. "ఇంతవరకూ తిరిగి రాలేదు. మీరు పిస్టన్ ఇవ్వండి."

అతను పిస్టన్ ఇచ్చాడు. ఇస్తూ, పెద్ద రహస్యం దానం చేస్తున్నవాడిలా నెత్తి మీద వేలు పెట్టి చూపించాడు. అక్కడ చిన్న బాణం గుర్తు చెక్కి ఉంది. అది ఎప్పుడూ సైలెన్సర్ వైపు చూడాలి. తిప్పి పెడితే, రింగు కొనలు సిలిండర్ గోడకున్న కిటికీల్లాంటి రంధ్రాల మీద పడతాయి. నాలుగు రోజులు నడుస్తుంది, తర్వాత రింగు ఆ కిటికీలో ఇరుక్కుని విరిగి, ఇంజిన్ పట్టేస్తుంది. చంటిపిల్లాడు కూడా చెయ్యని తప్పు అది, అన్నాడు.

బ్రెడ్డక్క ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా పాత పిస్టన్ తీసింది. కిరసనాయిల్లో నానబెట్టి, మసి మీది ఎర్ర చుక్క చెరిగిపోకుండా మిగతాదంతా పాత టూత్ బ్రష్‌తో రుద్దింది. బాణం బయటపడింది. చుక్క ఇటు ఉంది. బాణం అటు చూస్తోంది. నమ్మకం కుదరక, విప్పేటప్పుడు ఫోన్లో తీసిన ఫోటో కూడా చూసింది. చుక్క సరైన చోటే పెట్టింది. పిస్టనే వెనక్కి తిరిగి ఉంది.

ఆమె అరవలేదు. పిస్టన్ తీసుకెళ్ళి అత్తగారి అరచేతిలో పెట్టి, ఏ గుర్తు ఎటు ఉండాలో చెప్పింది. అత్తగారు దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, కళ్ళజోడు ఎత్తి, దించి, చాలాసేపు చూశారు. వంకరగా అతుక్కున్న తన మణికట్టు వైపు కూడా ఒకసారి చూసుకున్నారు.

"పెద్దయ్యాక కూడా వాడు చొక్కా గుండీలు ఒకటి వదిలేసి పెట్టుకునేవాడు," అన్నారు చివరికి. "నేనే సరిచేసి పంపేదాన్ని."

క్షమాపణ అనేది ఆవిడ నోట రాలేదు. కానీ ఆ రోజు నుంచి తువ్వాలు వేరేచోట ఆరేసుకున్నారు.

చీరుకుపోయిన సిలిండర్ని లేత్ షాపులో నునుపుగా బోరు చేయించింది. క్రాంక్ బేరింగులు మార్చాల్సి వచ్చింది. అవి కూర్చునే అల్యూమినియం పెట్టె బాగా వేడెక్కితే తప్ప కొత్త బేరింగులు దిగవు. వేడికి బేకరీ ఓవెన్ ఉండనే ఉంది. రొట్టెలు దించేశాక, పెట్టెని శుభ్రంగా కడిగి మిగిలిన వేడిలో పెట్టింది. బేరింగుల్ని క్రీము డబ్బాల పక్కన ఫ్రిజ్‌లో పెట్టింది. ఓనరు వచ్చి ఇదేం బన్ను అని అడిగాడు. ఇది మీ బన్నుల కంటే మెత్తగానే ఉంటుందని చెప్పింది. ఓనరు తగువు పెట్టుకోలేదు. ఓవెన్ వేడి చెయ్యి పెట్టి చెప్పగలిగే మనిషి అతనికి ఇంకొకరు దొరకరు. చల్లటి బేరింగు వేడి గూట్లోకి సుత్తి దెబ్బ లేకుండా టక్కున దిగింది.

అలాగని అంతా సాఫీగా జరగలేదు. పిస్టన్ పిన్నుకు వేసే చిన్న తీగ క్లిప్పు ఆమె వేళ్ళలోంచి ఎగిరి నేరుగా ఇంజిన్ పొట్టలో పడింది. ముందుగా గుడ్డ కప్పాలని వీడియోలో చెప్పారు. ఆమె కప్పలేదు. తలకిందులు చేసి కుదిపినా రాలేదు. బిగించినదంతా మళ్ళీ విప్పాల్సి వచ్చింది. తన తెలివిని తానే తిట్టుకుంటుంటే అత్తగారు పక్కనుంచి, "మా ఇంటి పేరు నిలబెట్టావే" అన్నారు. బ్రెడ్డక్కకు ఒళ్ళు మండి, తర్వాత నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతకీ ఆగక స్పానర్ పక్కన పెట్టాల్సి వచ్చింది.

ఇంజిన్ని ఛాసిస్‌లో కూర్చోబెట్టడం ఒక్కరి వల్ల కాలేదు. బండి మీది పాత దుప్పటినే మడిచి ఇంజిన్ కింద నుంచి వేసి, చెరో కొనా పట్టుకుని ఎత్తారు. బోల్టు రంధ్రాలు ఒక పట్టాన కలవలేదు. అత్తగారు బరువంతా మంచి చేతి మీద ఆపుకుని, "తొందరగా తగలెయ్యి, నీ బండి నా ప్రాణాలు తీసేట్టుంది" అన్నారు. మొదటి బోల్టు దూరింది. తర్వాతవి దూరడానికి అంత మొరాయించలేదు.

కిక్ కొడితే మొదట ఏమీ లేదు. ప్లగ్ తీసి తుడిచి మళ్ళీ కొట్టింది. దగ్గింది. ఇంకోసారి కొట్టింది. ఇల్లంతా పొగతో నిండిపోయేలా లేచింది. పక్కింటావిడ వచ్చి ఆరేసిన బట్టలు పాడైపోయాయని గొడవ పెట్టుకుంది. ఒకప్పుడు ఇదే పొగకి "ఇంజినీరుగారు వస్తున్నారు" అని నవ్విన మనిషి ఆవిడ. బ్రెడ్డక్క మర్యాదగా బండి ఆపకుండా విన్నది. చప్పుడులో సగం వినపడలేదు.

బండి నడుస్తోందన్న వార్త ఇంజినీరుకు చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. ఒక ఆదివారం ఒక వ్యానుతో, డ్రైవరుతో దిగాడు. కాగితాలు తన పేరు మీద ఉన్నాయి కాబట్టి బండి తీసుకెళ్తానన్నాడు. స్టార్ట్ చెయ్యమన్నాడు. కళ్ళు మూసుకుని, తలాడిస్తూ విన్నాడు.

"టైమింగ్ కొంచెం తేడాగా ఉంది," అన్నాడు. "ఏ మెకానిక్ చేశాడు?"

బ్రెడ్డక్క ఇంజిన్ ఆపి, లోపలికి వెళ్ళి పాత పిస్టన్ తెచ్చి అతని ముందు పెట్టింది. చుక్క, బాణం చూపించింది. ఆయిల్ సంగతీ, కిటికీలో ఇరుక్కున్న రింగు సంగతీ ఏ మాటా పెంచకుండా చెప్పింది. ఇంజినీరు పిస్టన్ని అటూ ఇటూ తిప్పాడు. గొంతు సవరించుకున్నాడు.

"ఆ రోజుల్లో కంపెనీవాళ్ళే బాణాలు తప్పుగా కొట్టేవాళ్ళు," అన్నాడు.

వ్యాను డ్రైవరు కూడా మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"బండి మీదే, తీసుకెళ్ళండి," అంది బ్రెడ్డక్క. "ఇంజిన్లో వేసినవి మాత్రం నావి. మీ పాత సామానంతా డబ్బాలో భద్రంగా ఉంది. నావి విప్పి ఇచ్చి, మీవి వేసుకుని వెళ్ళండి." స్పానర్ అతని చేతిలో పెట్టింది.

అతను చొక్కా చేతులు మడిచాడు. బండి ముందు గొంతుకూర్చుని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక సైలెన్సర్ నట్టు పట్టుకున్నాడు. అది ఇంకా చల్లారలేదు. చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఇంకో బోల్టుకు సైజు ఎక్కువైన స్పానర్ తగిలించి బలంగా లాగాడు. జారింది. వేలి కణుపులు ఇంజిన్ మీది రేకుల్లాంటి ఫిన్లకు కొట్టుకుని తోలు లేచింది. అత్తగారు గుమ్మంలో కుర్చీ వేసుకుని, సినిమా చూస్తున్నట్టు చూస్తున్నారు. వ్యాను డ్రైవరు వేరే కిరాయి ఉందన్నాడు.

"నా సొంత టూల్స్ తెచ్చుకుని వస్తాను. ఇవి లోకల్ సరుకు," అన్నాడు ఇంజినీరు లేస్తూ.

"ఒరేయ్," అన్నారు అత్తగారు, "పోతూ పోతూ నా చేతి వంకరకి కూడా ఏదైనా కంపెనీ పేరు చెప్పి పో."

అతను మళ్ళీ రాలేదు. కాగితాల విషయం ఫోన్లో ఒకటి రెండుసార్లు ఎత్తి ఊరుకున్నాడు.

ఆ తర్వాత ఆడపడుచు కూతురి పెళ్ళిలో చుట్టాలంతా చేరారు. అత్తాకోడళ్ళు బండి మీదే వెళ్ళారు. అది చూడగానే ఆడపడుచుకు పాత కథ గుర్తొచ్చింది. భోజనాల దగ్గర నలుగురినీ పోగేసి మొదలుపెట్టింది. మా వదినకి పెట్రోలుకీ ఆయిలుకీ తేడా తెలీదు పాపం, అని.

"ఆయిల్ కలిపింది," అన్నారు అత్తగారు. గొంతు పెంచలేదు. "పిస్టన్ వెనక్కి పెట్టింది మీ అన్నయ్య. నేను కళ్ళారా చూశాను. ఇన్నేళ్ళూ నేనూ మీతో కలిసి ఆ కూత కూశాను. ఇంక చాలు."

ఎవరో మంచినీళ్ళు అడిగారు. ఆడపడుచు మాట మార్చి, పెళ్ళికొడుకు జీతం గురించి ఎత్తుకుంది. ఒక్కరైనా బ్రెడ్డక్క వైపు తిరిగి, పొరపాటు పడ్డామమ్మా అనలేదు. అనరని ఆమెకు తెలుసు. వాళ్ళు రేపటికి ఇంకో కథ వెతుక్కుంటారు. ఆమెకు అహంకారమనో, బండెక్కి మగరాయుడిలా తిరుగుతోందనో మొదలుపెడతారు.

తను ఆయిల్ కలిపిందన్న మాట వినే రోజు వస్తే ఏడుస్తానేమో అని ఆమె ఎప్పుడూ అనుకునేది. ఏడుపు రాలేదు. ఆకలి వేసింది. పొద్దున్నుంచీ ఏమీ తినలేదని అప్పుడు గుర్తొచ్చింది. వెళ్ళి కూర్చుని, వడ్డించేవాణ్ణి పిలిచి, కడుపునిండా తిన్నది.